ఆగవలసిన చోట ఆగని పొడి

కిందటి వారం మనం ఆగింది మా ఇబాదాన్ ఊరి శివారులో, ఇరెపొదున్ యూనివర్సిటీ గేటుకు ఎదురుగా, ఆరింకే నడిపే హోటలు పాక ముందు. భోజనాల వేళ దాటిపోయింది. ప్రొఫెసర్ లానిపెకున్ నల్లకారు ఎర్రటి దుమ్ము లేపుకుంటూ వచ్చి నిలబడింది. వెనక తలుపు తెరుచుకుంది. నేలమీద ముందుగా ఆనిన కాలు ప్రొఫెసరుది కాదు, ఆరింకే కన్నతల్లిది.

ఆవిడ రావడమే ఒక వింత. ఇసెయిన్‌లో బట్టల కొట్టు వదిలి ఈ పాక వైపు తొంగిచూసి ఎన్నాళ్లయిందో. అంతకన్నా పెద్ద వింత ఆవిడ ఒంటిమీది బట్ట. నేరేడుపండు రంగు, అంచుకు వెండి జరీ. గురువారం జరగబోయే తన సభ కోసం ప్రొఫెసర్ ఇంటివాళ్లు ఒకే తానులోంచి కోయించి తమవాళ్లనుకున్నవాళ్లందరికీ పంచిన బట్ట అది. మా వైపు అలాంటి బట్ట కట్టుకోవడమంటే ఊరికే కట్టుకోవడం కాదు, నేను ఈ మనిషి తరఫు అని నలుగురిలో చాటుకోవడం. కూతురి గొంతు కోసినవాడి తరఫున కన్నతల్లి!

అప్పుడు ఆరింకే చేతిలో యామ్ దుంప పిండిని అమలా ముద్దగా తిప్పే కర్ర ఉంది. దాన్ని కింద పెట్టలేదు.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆరింకే ఒకప్పుడు ఆ గేటు లోపల, ఈ లానిపెకున్ దగ్గరే పరిశోధన చేసింది. ఇనుము, కోబాల్టు, జింకు ఉప్పులను ఎవెదు అనే జిగురు ఆకుకూర రసంలో కలిపి, కాల్చి చేసే ఫెర్రైట్ అనే అయస్కాంతపు పొడి ఆమె పని. కంట్లో పడినా తెలియనంత సన్నటి రేణువులు. ఒంట్లో గడ్డ ఉన్నచోట సూదితో ఆ పొడిని ఎక్కించి, పైనుంచి రాగితీగ చుట్టలో కరెంటును అటూ ఇటూ పరుగెత్తిస్తే పొడి వేడెక్కి గడ్డను చంపుతుంది. చిక్కంతా వేడి పుట్టించడంలో లేదు, ఆపడంలో ఉంది. ఆగకపోతే గడ్డతో పాటు మనిషీ కాలిపోతాడు. ఆరింకే చేసిన పొడి నలభై అయిదు డిగ్రీలు రాగానే తన అయస్కాంత గుణాన్ని తానే వదిలేసుకుని ఊరుకునేది. జింకు పాళ్లు పెంచితే ఇంకా ముందే ఆగుతుంది, తగ్గిస్తే ఆలస్యంగా ఆగుతుంది. వీణ తీగ బిగించినట్టు ఆ పాళ్లను ఆమె శ్రుతి చేసింది. ఒక గాజుసీసా నిండా పొడి చేసి గురువు చేతిలో పెట్టింది.

ఆ తర్వాత అదే పద్ధతిలో ఎవరు చేసినా ఆ పొడి రాలేదు. మళ్లీ చేసి చూపించమని పెద్దలందరి ముందూ నిలబెడితే ఆరింకేకు కూడా రాలేదు. పొడి ఎక్కడా ఆగకుండా నీళ్లను మరిగించేసింది. 'దొంగ లెక్కలు రాసింది' అన్నాడు లానిపెకున్. డాక్టరేటు పోయింది. మనిషి గేటు బయట పడింది. సీసా మాత్రం ఆయన బీరువాలో భద్రంగా ఉండిపోయింది.

ఆరింకే ఎక్కడికీ పోలేదు. సరిగ్గా గేటుకు ఎదురుగానే పాక వేసి, 'డాక్టర్ ఆరింకే అమలా హోటల్' అని ఇంతింత అక్షరాలతో బోర్డు కట్టించింది. ఆ బోర్డు ముందునుంచి పోతేగానీ ఆయనకు రోజూ లోపలికి దారి లేదు. అలా ఆయన కంట్లో నలుసై కూర్చుని, తన రోజు ఎప్పుడొస్తుందా అని పళ్లు నూరుకుంటూ ఎదురుచూసింది. ఆ రోజు గురువారం అని ఆమెకు ఈమధ్యే తెలిసింది. ప్రొఫెసర్ అయినవాడు ఊరు ఊరంతటినీ పిలిచి డప్పులతో, విందుతో ఇచ్చే ఉపన్యాసం అది. వేదిక మీదే గాజుగొట్టంలో తన పొడిని వేడెక్కించి చూపిస్తానని లానిపెకున్ చాటింపు వేయించుకున్నాడు. కానీ కొత్తగా చేయించిన పొడి ల్యాబులో మరిగిపోయి గొట్టం పగిలిందన్న కబురు వారం కింద ఆరింకే చెవిన పడింది. ఆ రోజు ఆమె వచ్చినవాళ్లందరికీ అడక్కుండానే ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది.

ఇదీ సంగతి. ఇక కారు దగ్గరికి వద్దాం.

"తల్లిని ఇలా ఎండలో నిలబెడతావుటే?" అంది అమ్మ.

"నువ్వొచ్చిన కారులో చల్లగా ఉంటుంది కదమ్మా. వెళ్లి అందులోనే కూర్చో."

ప్రొఫెసర్ కూడా దిగాడు. పొడుగాటి మనిషి. తెల్లటి అగ్బాదా అంగీ మడతలు భుజాల మీదికి సర్దుకుంటూ, టోపీ సవరించుకుంటూ, అతికించుకున్న నవ్వొకటి ముందు పెట్టుకుని వచ్చాడు.

"బాగున్నావా ఆరింకే? వ్యాపారం జోరుగా సాగుతున్నట్టుందే."

"అంతా మీ దయ సార్. మీరు గెంటకపోతే ఈ పాక ఎక్కడిది? కూర్చోండి. ఏం పెట్టమంటారు? అమలా వేడిగా ఉంది. ఎవెదు ఆకుకూర ఉంది. పొన్మో తోలు ముక్కలు కూడా మిగిలాయి."

"తినడానికి రాలేదమ్మా."

"అయితే బోర్డు చదవడానికి వచ్చారా? మొదటి మాట దగ్గరే మీకు కళ్లు చెదురుతున్నాయని విన్నాను."

లోపల గిన్నెలు తోముతున్న సికిరా కిసుక్కున నవ్వింది. పాకలో ఆరింకేకు కుడిభుజం ఈ సికిరా. లావుపాటి మనిషి, నవ్వితే పాకంతా వినపడుతుంది. ప్రొఫెసర్ ఆ నవ్వు విననట్టే బల్ల మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. ఆరింకే తల్లి ఆయన పక్కన కాకుండా, ఎదురు బల్ల మీద ఒక మూలగా కూర్చుంది.

మా ఊళ్లల్లో తప్పు చేసినవాడు బతిమాలుకోవడానికి ఒంటరిగా రాడు. అవతలివాళ్లు కాదనలేని మనిషినొకరిని వెంటబెట్టుకుని వస్తాడు. ఇంటిపెద్దో, చదువు చెప్పిన పంతులో, పెంచిన అమ్మమ్మో. అలా వచ్చినవాళ్ల మాట తోసేస్తే తోసేసినవాళ్లదే తప్పయి కూర్చుంటుంది. లానిపెకున్ ఎవర్ని తెచ్చాడో చూశారుగా! వంకర తెలివితేటలకేం తక్కువ లేదు ఆయనకి. ఆరింకేకు ఆయన మీదికంటే తల్లి మీద ఎక్కువ మండిపోయింది.

"పొడి రావడం లేదు ఆరింకే," అన్నాడు ప్రొఫెసర్ చివరికి.

"ఏ పొడి సార్?"

"నీకు తెలుసు."

"నాకేం తెలుసు? దొంగ లెక్కలు రాసినదాన్ని. అలాంటి పొడి లోకంలోనే లేదని మీరే కదా అన్నారు. లేని పొడి రాకపోతే అందులో విడ్డూరమేముంది?"

"అప్పటి సంగతులు ఇప్పుడెందుకమ్మా..."

"అప్పటివి వద్దా? సరే, మొన్నటివి చెప్పండి. అబూజాలో మంత్రిగారి ముందు వేడెక్కించి ఆపి చూపించారే, అదేమిటి? పేపర్లో ఫోటో కూడా వేశారు. బల్లలు తుడవడానికి దాచుకున్నాను ఆ పేపరు."

రోడ్డు మీద మైక్రా టాక్సీ ఒకటి హారన్ మోగిస్తూ పోయింది. ప్రొఫెసర్ అది మలుపు తిరిగేదాకా దానివైపే చూశాడు.

"చెప్పండి సార్. మా అమ్మ వింటోంది. మీరే కదా తీసుకొచ్చింది."

"నీ సీసాలోదే."

"గట్టిగా. లోపల సికిరాకు చెవుడు."

"నాకేం చెవుడు లేదు!" అంది లోపల్నించి సికిరా.

"నీ సీసాలోదే ఆరింకే," అన్నాడాయన తల వంచుకుని. "మొదట్నించీ చూపించిందంతా అదే. అబూజాలో ఆఖరి చిటికె అయిపోయింది. ఇప్పుడేమీ మిగల్లేదు."

ఈ ఒక్క మాట కోసమే ఆరింకే ఇన్నాళ్లూ బతికింది. నిజం చెప్పొద్దూ, పొయ్యి ఊదుతున్నప్పుడూ, యామ్ పిండి జల్లిస్తున్నప్పుడూ, దోమతెర కింద కళ్లు తెరుచుకుని పడుకున్నప్పుడూ ఈ మాట ఆయన నోటివెంట ఎలా వస్తుందో ఊహించుకుంటూనే ఉంది. వచ్చింది. తీరా వచ్చాక చాలలేదు. వినడానికి తల్లి, సికిరా తప్ప ఇంకో మనిషి లేడు. ఆమెను దొంగ అన్నప్పుడు విన్నవాళ్లు హాలు నిండా ఉన్నారు.

అప్పుడాయన చెయ్యకూడని పని చేశాడు. బల్ల మీదినుంచి లేచి, గేటువైపు ఒకసారి చూసుకుని, ఎవరూ రావడం లేదని తేల్చుకుని, ఆ ఎర్రమట్టి నేలమీద బోర్లా పడుకున్నాడు. దండం పెట్టడానికి చిన్నవాళ్లు పెద్దవాళ్ల ముందు ఇలా పడుకోవాలి మా దగ్గర. జుట్టు నెరిసిన ప్రొఫెసర్, తన కూతురి ఈడుదాని కాళ్ల ముందు! సికిరా చేతిలో గిన్నె ఠంగుమని జారిపడింది.

ఆరింకే మాత్రం ఆయన గేటువైపు చూసుకోవడం చూసింది. పడుకునేటప్పుడు కూడా పరువు లెక్కే.

"ఇంకాసేపు ఉండండి సార్. చల్లగా ఉంటుంది నేల."

"ఆరింకే!" అంది తల్లి.

"నువ్వు మాట్లాడకమ్మా. సార్, ఏం కావాలో పడుకునే చెప్పండి, వింటాను."

"ఒక్క మాట చెప్పు చాలు," అన్నాడాయన మట్టిలోకి. "ఎవెదు రసం తీస్తున్నాం. నువ్వు రాసినంతే ఇనుము, అంతే కోబాల్టు, అంతే జింకు. అదే మంట. అన్నీ నువ్వు చెప్పినట్టే. కానీ జింకు లోపలికి పోవడం లేదు. విడిగా తెల్లబూడిదై మిగిలిపోతోంది. మిగతాది మొండిగా, ఎక్కడా ఆగకుండా మరిగిపోతోంది. ఏం వదిలేశాం మేం? నువ్వేం చేసేదానివి?"

ఆయన ఏం వదిలేశాడో ఆరింకేకు తెలుసు. చాలాకాలం తెలియలేదు, తెలియక నెత్తీ నోరూ బాదుకుంది. ఈ పాకలో ఎవెదు కుండ ముందు నిలబడి, ఉడుకుతున్న ఆకులో చెయ్యి అలవాటుగా కౌన్ రాయి ముక్క వేస్తుండగా ఒకనాడు ఉన్నట్టుండి బుర్రలో వెలిగింది. కౌన్ అంటే చౌడు ఉప్పులాంటి రాయి. అది పడితేనే ఎవెదు ఆకు కరిగి జిగురుగా సాగుతుంది. ఆ జిగురే, ఆ చౌడే జింకును గట్టిగా పట్టుకుని ఇనుముతో కలిపి కూర్చోబెట్టింది. మొట్టమొదట ఆమె తన గదిలో అమ్మ నేర్పినట్టు వండిన ఎవెదుతోనే సీసాడు పొడి చేసింది. పద్ధతి రాసినప్పుడు 'ఎవెదు రసం' అని రాసి ఊరుకుంది. అన్నం వండాను అని రాసేవాళ్లు నీళ్లు పోశానని విడిగా రాస్తారా? తర్వాత పెద్దల ముందు మళ్లీ చేసి చూపమన్నప్పుడు వాళ్లే ల్యాబులో పిండిన ఉత్త ఆకురసం చేతికిచ్చారు. అందులో కౌన్ లేదు. ఆ సంగతి ఆమెకూ తట్టలేదు.

ఈ మహానుభావుడు పుట్టినప్పట్నించీ ఎవెదు తింటున్నాడు. ఆ కుండలోకి ఒక్కసారి తొంగిచూసిన పాపాన పోలేదు. ఆయన ల్యాబు నిండా మగపిల్లలే, వాళ్లూ అంతే. ఇంట్లో భార్యని అడిగినా చెప్పేసేది. అడగాలని తోస్తేగా!

"లేవండి సార్," అంది ఆరింకే. "బట్టలు పాడవుతున్నాయి."

ఆయన లేచాడు. పొట్టమీద తెల్లబట్టంతా ఎర్రగా అయింది. దులుపుకోలేదు.

"నీ డాక్టరేటు నీకు ఇప్పిస్తాను. నేనే సంతకం పెడతాను. రేపే దస్త్రం కదిలిస్తాను."

"బోర్డు మీద 'డాక్టర్' అని ఇప్పటికే ఉంది కదా. నాకింకోటి కావాలి. గురువారం మైకు పట్టుకుని, అందరి ముందూ, ఈ పొడి ఆరింకేది, ఈమెను నేను దొంగ అన్నాను, దొంగను నేనే అని చెప్తారా?"

ప్రొఫెసర్ మళ్లీ గేటువైపు చూశాడు. "అది... సభ అయిపోనీ. ఆ తర్వాత మెల్లగా, సందర్భం చూసుకుని..."

అంతే. ఆ 'మెల్లగా' అన్న మాటతో ఆరింకే లోపల ఏదైనా కాస్త మెత్తబడి ఉంటే అది కూడా రాయైపోయింది. పైకి మాత్రం నవ్వింది. ఆ నవ్వు చూసి సికిరాకే భయమేసింది.

"పద్ధతి చెప్పను సార్. అది నాతోనే ఉంటుంది. పొడి కావాలంటే నేనే చేసి ఇస్తాను. గురువారం పొద్దున, మీరు వేదిక ఎక్కే ముందు, నా చేత్తో మీ చేతిలో పెడతాను."

"ఒకరోజు ముందే ఇస్తే ఒకసారి పరీక్షించుకుని..."

"నమ్మకం లేదా? అయితే కారెక్కండి."

"లేదు లేదు. నమ్మకం ఉంది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి." ఆయన మొహంలో రక్తం తిరిగొచ్చింది. ఆరింకే తల్లివైపు చూడకుండానే, "అమ్మగారు ఈ రెండు రోజులూ నీ దగ్గరే ఉంటానంటున్నారు. చూసుకో," అని గబగబా వెళ్లి కారెక్కాడు. ఏదో తరుముకొస్తున్నట్టు పోయింది కారు.

దుమ్ము అణగకముందే ఆరింకే పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఏమిటే ఆ నవ్వు?" అంది తల్లి.

"ముందు ఆ బట్ట విప్పెయ్యమ్మా. లోపల నా నూలు బట్ట ఉంది, కట్టుకో. నువ్వు ఇలా ఉంటే నీ మొహం చూడలేను."

"నాకు నచ్చి కట్టుకున్నాననుకున్నావా?"

"ఏమో. ఇన్నేళ్లూ నీ మనసులో ఏముందో నాకేం తెలుసు? నన్ను బయటికి తోసినప్పుడు ఒక్కసారైనా వచ్చావా? నువ్వు దొంగవి కావు అని ఒక్క మాటన్నావా? వాడితో పాటు నువ్వూ నమ్మావు."

తల్లి పక్కనే గంపలో ఉన్న ఎవెదు ఆకు దగ్గరికి లాక్కుని, ఈనెలు తీయడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

"మంచి పొడే ఇస్తావు కదూ వాడికి?"

"ఆహా! ఎంత మంచిదంటే, జన్మలో మర్చిపోడు." ఆరింకే తల్లి పక్కన చతికిలబడి, చేతులు ఊపుతూ చెప్పుకుపోయింది. కడుపులో దాచుకున్నదంతా ఇన్నాళ్లకి కక్కడానికి ఒక మనిషి దొరికింది మరి. "జింకు తగ్గిస్తానమ్మా. బాగా తగ్గిస్తా. నలభై అయిదు కాదు కదా, వందైనా ఆగదు. వేదిక మీద నిలబడి, ఇదిగో ఇప్పుడు ఆగుతుంది చూడండి అంటాడు. ఆగదు. వెనక గోడంత తెరమీద అంకెలు ఎక్కుతూనే ఉంటాయి. గొట్టం ఫట్‌మని పేలి ఆ నల్లటి రొచ్చంతా వాడి పట్టుబట్టల మీద పడుతుంది. డప్పులవాళ్లు ఆగిపోతారు. వీసీగారు లేచి వెళ్లిపోతారు. అప్పుడు నేను చివరి వరసలోంచి లేచి నిలబడతా. నన్ను నిలబెట్టాడే, అలాగే నిలబెడతా వాణ్ణి. వాడి పరువు గంగలో కలిసిపోవాలి. వాడి పిల్లలు ఇంటిపేరు చెప్పుకోవడానికి సిగ్గుపడాలి."

తల్లి చేతిలో ఆకు జారిపోయింది. మొహం పాలిపోయింది. మెల్లగా ఆవిడ చెయ్యి రవిక మీదికి, ఎడమ రొమ్ము మీదికి పోయింది.

ఆరింకే చటుక్కున లేచింది. మా తల్లుల దగ్గర ఉండే ఆఖరి ఆయుధం అది. రొమ్ము పట్టుకుని, తాగిన పాల మీద ఒట్టు పెట్టి ఏదైనా అడిగితే కాదని బతికి బట్టకట్టిన బిడ్డ లేదని మా నమ్మకం.

"వద్దమ్మా! పాల మీద ఒట్టు పెట్టకు. వాడి కోసం నన్ను కట్టెయ్యకు. ఒట్టు పెట్టావంటే ఈ జన్మలో నీ గడప తొక్కను!"

"ఒట్టు కాదే పిచ్చిదానా," అంది తల్లి, రవిక గుండీలు తీస్తూ.

లోపల కట్టు ఉంది. రొమ్ము పక్కనుంచి చంక దాకా మందమైన దూదికట్టు. ఆవిడ ఒక అంచు పట్టుకుని మెల్లగా తీసింది. చర్మం కమిలి, బొబ్బలు లేచి, నడుమ ఒకచోట నల్లగా మాడి ఉంది. మందు వాసన, దాని కింద ఇంకో వాసన. వంటపాకలో బతికేవాళ్లకు ఆ రెండో వాసన ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. సికిరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గడ్డ లేచి ఏడాదైంది," అంది తల్లి. "నీకు చెప్తే అన్నీ వదిలి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. కోస్తామన్నారు పెద్దాసుపత్రిలో. నాకు భయమేసింది. అప్పుడు నీ పొడి గుర్తొచ్చింది. కోయక్కర్లేదు, గడ్డనొక్కటే చంపుతుంది, హద్దు దాటదు అని నువ్వే చెప్పేదానివి కదా, సెలవలకి వచ్చినప్పుడల్లా. అది ఆయన దగ్గరుందని తెలుసు. నేనే వెళ్లి అడిగా. నా కూతురు చేసింది నాకు పెట్టండి అని. ఆయన స్నేహితుడి క్లినిక్కు ఉంది, అక్కడ నిన్న సూదితో ఎక్కించారు. ఈ పొద్దున మిషన్ పెట్టారు."

"ఈ పొద్దునా?"

"కాస్త మండింది. మండితే మందు పనిచేస్తున్నట్టే అన్నాడాయన. నా కూతురు పొడే కదా, ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని పళ్లు బిగబట్టుకున్నా. చివరికి ఉండబట్టలేక అరిచేశా. అప్పుడు ఆపారు. ఆయన చెమటలు కక్కుతూ నీ దగ్గరికి పోదాం పదండి అన్నాడు."

ఆరింకే ఆ కట్టు అంచు అందుకుని మెల్లగా మళ్లీ కప్పింది.

"నువ్వు దొంగవని నేనెప్పుడూ నమ్మలేదే," అంది తల్లి. "నీలా మాటలు రావు నాకు. అంతమంది చదువుకున్నవాళ్ల ముందు నేనేం చెప్పను? అందుకే ఇది నా ఒంట్లో పనిచేశాక, గురువారం వాళ్ల బట్ట కట్టుకుని ముందు వరసలో కూర్చుని, లేచి చెబుదామనుకున్నా. ఇది నా బిడ్డ చేసిన పొడి, దీనితోనే నేను బతికాను అని. అదొక్కటే వచ్చు నాకు."

ఆ పొడి ఆరింకేది కాదు. ఆరింకేది అబూజాలోనే అయిపోయింది. తల్లి ఒంట్లోకి ఎక్కించింది కౌన్ పడని పొడి, జింకు పట్టని పొడి, ఎక్కడా ఆగని పొడి. దానిలో లోపం ఏమిటో భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి గురువారం నాటి తమాషా చూడాలని, నవ్వాలని, నోరు కుట్టేసుకుని కూర్చుంది. ఒక్క మాట. గేటు దాటి వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ కాలేది కాదు. ఆరింకేకు ఏడుపు రాలేదు. గుండెల్లో ఎవరో సలసల కాగే నూనె పోసినట్టయింది, అంతే.

ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఆయనకు తెలుసు. తిన్నగా ఆ క్లినిక్కు నుంచే వచ్చాడు. ఈ మనిషి కమిలిన మాంసం చూసి, తనే కారెక్కించుకుని, తనే ఈ బల్ల దగ్గరికి తెచ్చి, సభ గురించి మాట్లాడాడు. మట్టిలో బోర్లా పడుకున్నప్పుడు కూడా నోరు జారలేదు. పరీక్షించుకోవడానికి ఒకరోజు ముందే కావాలన్నాడు. ఎవరి మీద పరీక్షించడానికి?

"సికిరా," అంది ఆరింకే. గొంతు చాలా మామూలుగా ఉంది. "టాక్సీ పిలువు. అమ్మను పెద్దాసుపత్రికి తీసుకుపో. కాలినవాళ్ల వార్డులో ఏం ఎక్కించారో, ఎలా కాలిందో అమ్మ చెప్పిందంతా చెప్పు. కరెంటు చుట్ట ఉన్న ఏ మిషన్ దగ్గరికీ తీసుకెళ్లనివ్వకు. ఎవరేం చెప్పినా సరే."

"నువ్వు రావా?" అంది తల్లి. మొదటిసారి ఆవిడ గొంతులో భయం వినిపించింది.

"వెనకే వస్తానమ్మా. చిన్న పని ఉంది."

టాక్సీలో కూర్చోబెట్టి, కాలిన వైపు తలుపుకు తగలకుండా దిండు పెట్టి, తల్లి నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. టాక్సీ మలుపు తిరిగాక ఫోను తీసింది. లానిపెకున్ మొదటి మోతకే ఎత్తాడు.

"సార్, నేను ఆరింకేని. మనసు మార్చుకున్నా. గురువారం దాకా ఎందుకు? పద్ధతి మీకు చెప్పేస్తా. దగ్గరుండి చేసి చూపిస్తా."

"నాకు తెలుసు ఆరింకే!" ఆయన గొంతులో సంతోషం పొంగింది. "నీ మనసు వెన్న అని నాకు మొదట్నించీ తెలుసు. ఎక్కడికి రమ్మంటావు? ల్యాబు తాళాలు తెరిపించనా?"

"ల్యాబులో వద్దు. అందరూ చూస్తారు. డ్రైవర్ని ఇంటికి పంపించెయ్యండి, మీరొక్కరే రండి. మిషన్ మాత్రం ఆన్ చేసి ఉంచండి."

"మిషనా? ఏ మిషన్?"

"ఈ పొద్దున మీ స్నేహితుడి క్లినిక్కులో మా అమ్మను పడుకోబెట్టారే, ఆ మంచం దగ్గరిది."

ఆయన ఫోను పెట్టెయ్యలేదు.

"రాకపోతే అమ్మను పోలీసు స్టేషన్ మీదుగా ఆసుపత్రికి పంపిస్తాను సార్. వస్తే మాత్రం మీకు పొడి సంగతంతా వివరంగా చెప్తాను. అది ఒంట్లో ఎలా ఉంటుందో కూడా."

ఆయన గొంతు వినిపించింది, సన్నగా, ముసలిగా. "ఎంతసేపట్లో వస్తావు?"

ఆరింకే ఫోను మూసి, పాక తలుపు లాగి, తాళం వెయ్యకుండానే రోడ్డు దాటి క్లినిక్కు దారి పట్టింది.